మింగిన అక్షరం

జూన్ 8, శనివారం

అత్తకి కంటి ఆపరేషన్ అయింది. కుడికన్ను మీద కట్టు. ఎడమకన్ను మొదటినుంచీ అంతంతమాత్రమే. వంగకూడదు, బరువులు ఎత్తకూడదు, కొన్నాళ్ళపాటు స్క్రీన్ వైపు చూడకూడదు. ఆ చివరి మాట దగ్గర డాక్టరుతో పోట్లాట పెట్టుకుందట. "కావాలంటే నోటికి కట్టు కట్టండి, కంటికి వద్దు" అందట. "ఆపరేషన్ చేసింది కంటికమ్మా" అన్నాడట ఆయన. "నోటికి కట్టినా బాగుండేదే" అని ఎదురింటి పిన్నిగారు అత్త ముందే నాకు చెప్పింది.

కాలేజీకి సెలవులు కాబట్టి నన్ను పంపారు. కాదు, నేనే వస్తానని పోరాను. నాకోసం నేను రాసుకునే ఈ డైరీలో ఇది చెప్పక్కర్లేదు గానీ, రాసుకుంటే బాగుంటుందని రాస్తున్నాను: మా అత్త వారపత్రికలో గళ్ళ నుడికట్టు కూరుస్తుంది. నేను పుట్టకముందు నుంచీ. ఊళ్ళో ఎంతమంది ఆదివారం పొద్దున్నే పెన్సిలు నములుతూ కూర్చుంటారో, వాళ్ళందరి నోట్లోనూ పెన్సిలు పెట్టింది మా అత్తే.

గుమ్మంలో సంచీ దించకముందే పరీక్ష పెట్టింది.

"తలుపుకు పెడితే కదలదు, కాలానికి పెడితే ఆగదు. మూడక్షరాలు."

తాళం అనుకున్నాను. కాలానికి తాళమేమిటి? గొళ్ళెం అనుకున్నాను. సంచీ భుజాన్ని కోస్తోంది. అత్త నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పేము కుర్చీలో కదలకుండా కూర్చుంది.

"గడియ!" అన్నాను.

"లోపలికి రా. వచ్చి అది పెట్టు."

ఒక మాటలో రెండు మాటలు ఇరుక్కుని కూర్చోవడం, ఒకదాన్ని తడితే రెండోది తలెత్తి చూడడం! సాయంత్రమంతా ఆ గడియని పెడుతూ తీస్తూ ఉన్నాను. "తలుపు ఊడిపోతుందే ప్రశ్నార్థకమా" అంది అత్త. నా పేరు ఇక్కడ అదే. ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతానని.

జూన్ 9, ఆదివారం

పొద్దున్నే ఎదురింటి బాల్కనీ లోంచి కేక.

"వదినా! నిలువు ఏడు! ఇదేం ఆధారం తల్లీ, నీ బుర్ర మండిపోను!"

భయపడి లేచాను. అత్త ముఖం మాత్రం వెలిగిపోయింది. పిన్నిగారు ప్రతి ఆదివారం ఇలాగే తిడుతుందట. ఏ వారమైనా తిట్టు వినపడకపోతే ఆ వారం కూర్పు చప్పగా ఉందని అర్థమట. "తిట్టించుకోని ఆధారం ఒక ఆధారమేనా" అంది అత్త.

తర్వాత ఇద్దరం పనికి కూర్చున్నాం. అత్త చెప్తుంది, నేను టైపు చేస్తాను. లాప్‌టాప్ పేరు ముసలాడు. ఇటుకంత మందం, మూత మీద రంగు పోయి అత్త అరచేయి ఆనే చోట నున్నగా మెరుస్తుంది. పెట్టగానే ఫ్యాన్ మొదలవుతుంది, ఆ తర్వాత గొంతు పెంచుకుంటూ పోతుంది. పక్కన చెయ్యి పెడితే అట్లకాడ తగిలినట్టు చురుక్కుమంది.

అత్త పని చేస్తుంటే చూడాలి. మాటని ముందు నాలుక మీద పెట్టుకుంటుంది. పెదాలు కదులుతాయి, మాట బయటికి రాదు. బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద నడుస్తుంది, ఒక్కో కణుపుకి ఒక్కో అక్షరం. ఒక్కోసారి చిటికెన వేలి దగ్గర ఆగి "ఛ, ఒకటి ఎక్కువ" అని ఎవరినో పంపించేసినట్టు చెయ్యి విదిలిస్తుంది.

కణుపు. చెరుకుకీ కణుపే, వేలికీ కణుపే. రాసుకున్నాను.

సగం గళ్ళు నిండాయి. ముసలాడు టప్పున ఆగిపోయాడు. నింపినదంతా పోయింది.

మళ్ళీ పెట్టాం. మళ్ళీ పోయాడు.

"ఎండాకాలం కదా అత్తా, వాడికీ ఉక్కగా ఉందేమో" అన్నాను.

"ముసలితనం కదా, వాడికీ కోపంగా ఉంది" అంది అత్త. నవ్వింది గానీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది.

జూన్ 10, సోమవారం

పత్రికలో పేజీలు చూసే ఆవిడ ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టమంది అత్త.

"మేడమ్, మీమీద గౌరవంతోనే చెప్తున్నాను. పోయినవారం ఆలస్యమైంది."

"పోయినవారం నా కన్ను కోశారమ్మా."

"అయ్యో, తెలుసు మేడమ్. కానీ ఎడిటర్ గారికి ఎవరో ఒక ప్రోగ్రామ్ చూపించారు. నిమిషంలో నుడికట్టు చేసి ఇచ్చేస్తుంది. ఈ గురువారం మధ్యాహ్నంలోగా మీది రాకపోతే ఈ ఆదివారానికి అదే వేస్తామంటున్నారు. ఒకసారి వేశాక..." అని ఆగింది.

"ఒకసారి వేశాక ఇక నా అవసరం ఉండదు. అంతేగా. అది చేసినది ఒక ఆధారం చదువు, విందాం."

ఆవిడ కాగితం తిప్పిన చప్పుడు. "పక్షి. రెండక్షరాలు."

"అది ఆధారమా, పోలీసు రిపోర్టా?" అంది అత్త.

ఫోన్ పెట్టేశాక మాత్రం కుర్చీ చేతుల మీద వేళ్ళు ఊరికే నడిచాయి, ఏ మాటనీ లెక్కపెట్టకుండా.

నా ఫోన్‌లో చేద్దామన్నాను. అత్త వాడే అక్షరాల సాఫ్ట్‌వేర్ పాతకాలంది. పాత ఫైలు ఒకటి ఫోన్‌లోకి తెచ్చి తెరిస్తే ఒక్క తెలుగక్షరం లేదు, ఎవరో బూతులు తిట్టినట్టు కొక్కేలూ చుక్కలూ ప్రశ్నార్థకాలూ. పత్రికవాళ్ళకి కావలసింది ఆ ఫైలే. అంటే ముసలాడే కావాలి.

లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని రిపేరు షాపుకి వెళ్ళాను. గోడల నిండా పొట్టలు విప్పిన లాప్‌టాప్‌లు. షాపాయన పళ్ళ మధ్య స్క్రూ పట్టుకుని, దాన్ని తీయకుండానే మాట్లాడాడు. ముసలాణ్ణి చేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

"ఇది లాప్‌టాపా పాపా, పీటా?"

ఏం జరుగుతోందో చెప్పాను. లోపల ప్రాసెసర్ అనే చిన్న పలక ఉంటుందట, ఆలోచించేది అదే, వేడెక్కేదీ అదే. దాని మీద వేడిని లాగేసే రాగి గొట్టం కూర్చుంటుంది. ఆ రెండింటి మధ్య సందు లేకుండా ఒక పేస్ట్ పూస్తారు. ఇన్నేళ్ళలో అది ఎండిపోయి ఉంటుందన్నాడు. మార్చాలి. కానీ వారం దాకా ఆయన బల్ల మీద చోటు లేదు.

"నేనే మార్చుకోవచ్చా అన్నా?"

"ఎందుక్కూడదు? స్క్రూలు కలిపెయ్యకు. బ్యాటరీ ముందు తీసెయ్. పాతది స్పిరిట్‌తో శుభ్రంగా తుడువు, కొత్తది పెట్టు. పల్చగా ఉండాలి, గుర్తుపెట్టుకో. మందంగా వేశావా, దుప్పటి కప్పినట్టే."

చిన్న ట్యూబూ, స్పిరిట్ సీసా, స్క్రూడ్రైవరూ ఇచ్చాడు. దారంతా వల్లెవేసుకుంటూ వచ్చాను. పల్చగా ఉండాలి. పల్చగా ఉండాలి.

అత్తకి ఇప్పుడే చెప్పను. రేపు పిన్నిగారు కన్ను చూపించడానికి తీసుకెళ్తుంది. వచ్చేసరికి ముసలాడు చల్లగా, కుర్రాడిలా కూర్చుని ఉంటాడు.

జూన్ 11, మంగళవారం

చేసేశాను! నేనే!

అంతా రాసుకోవాలి. ముసలాణ్ణి పాత దుప్పటి మీద బోర్లా పడుకోబెట్టాను. పాత పత్రికలో అత్త నుడికట్టు పేజీ తీసి పక్కన పరిచాను. ఏ స్క్రూ ఎక్కడిదో ఆ గడిలో పెట్టాను, అడుగుమూతవి అడ్డం వరుసలో, లోపలివి నిలువు వరుసలో. స్క్రూలు కలిసిపోకుండా అంతకంటే మంచి చోటు ఈ ఇంట్లో ఏముంది?

మూత తీస్తే ఫ్యాన్ వెనక దుమ్ము. దుమ్మంటే దుమ్ము కాదు, నేసిన గుడ్డ. కొస పట్టుకుని లాగితే ఒకటే ముక్కగా వచ్చింది. ముసలాడు ఇన్నేళ్ళుగా మూతికి కంబళి కట్టుకుని ఊపిరి తీస్తున్నాడు పాపం. రాగి గొట్టం పక్కన స్క్రూలకి ఒకటి, రెండు అని అంకెలు చెక్కి ఉన్నాయి. ఆ వరుసలోనే విప్పాలని తెలియడానికి నుడికట్టులు పూరిస్తూ పెరిగి ఉండక్కర్లేదు గానీ, పెరిగితే మంచిది.

పాత పేస్ట్ గోడ మీద ఎండిన సున్నంలా పొట్టు పొట్టుగా రాలింది. స్పిరిట్‌తో తుడుస్తూ పోతే కింద అద్దంలాంటి పలక. అందులో నా ముక్కు కనిపించింది. ఇంత చిన్నది ఇన్ని వేల మాటలు మోసిందా అనిపించి కాసేపు అలాగే చూస్తుండిపోయాను.

పేస్ట్‌కి మన మాట ఏమిటి? పూత. లేపనం. లేపనం అంటే బాగుంది, లేపేది అన్నట్టు! పడిపోయిన ముసలాణ్ణి లేపే లేపనం. ఇది అత్తకి చెప్పాలి.

ట్యూబు నొక్కితే పళ్ళపేస్టులా చిక్కగా, బెట్టుగా వచ్చింది. షాపాయన పల్చగా ఉండాలన్నాడు కదా. ఇది ఎక్కడ పల్చన? అందుకే గిన్నెలో ట్యూబంతా పిండి, స్పిరిట్ చుక్క చుక్కగా పోసి పుల్లతో కలిపాను. నీళ్ళు కలిసిన పాలలా జారేదాకా. అది పలక మీద పోసి, రాగి గొట్టం పెట్టి బిగించాను. పక్కలకి కొంచెం కారింది, తుడిచేశాను.

పెట్టగానే ఫ్యాన్ గొంతు తగ్గింది. నిజంగా తగ్గింది. నా చెవులు అబద్ధం చెప్పవు.

సాయంత్రం

ఆగిపోయింది.

కొత్త పూత కదా, సర్దుకోవడానికి టైం పడుతుంది కాబోలు. అంతే.

మళ్ళీ పెట్టాను. ఇదివరకు సగం గళ్ళ దాకా వచ్చేవాడు. ఇప్పుడు పాస్‌వర్డ్ అడిగే చోటు దాటడం లేదు.

అత్త వచ్చి "ఏమంటున్నాడు?" అంది.

"అప్‌డేట్ అవుతున్నాడత్తా."

జూన్ 12, బుధవారం

పొద్దున లేవగానే, "ఇంకా అప్‌డేట్ అవుతున్నాడా?" అంది.

"అవుతున్నాడు."

"ఏమవుతాడట? యువకుడా?"

నేను వంటగదిలోకి వెళ్ళిపోయాను. రేపు మధ్యాహ్నం లోపల. ఈ ఇంట్లో ఆదివారం తిట్టు వినపడకపోతే ఎలా ఉంటుందో ఊహించలేకపోయాను. ఊహించగలిగాను. అందుకే గిన్నెలు రెండుసార్లు తోమాను.

చెప్పేద్దామనుకున్నాను. కానీ పొద్దున్నే పళ్ళు కూడా తోముకోకముందే ఎవరికైనా చెడువార్త చెప్తారా? కాఫీ తాగాక అనుకున్నాను. కాఫీ తాగాక అత్తే పిలిచింది.

"సుద్దముక్క ఉందా ఇంట్లో?"

పిన్నిగారింట్లో దొరికింది. అత్త పేము కుర్చీని గోడ వారకి జరిపించి, బల్ల బయట పెట్టించింది. ముందుగదిలో తెల్లటి టైల్స్, చదరం చదరంగా.

"ఇన్నేళ్ళుగా గళ్ళ మీదే నడుస్తున్నాం, ఒక్కరికీ తట్టలేదు" అంది. "ముసలాడు కానిచ్చేలోపు మనం కానిచ్చేద్దాం. తర్వాత ఎక్కించడమేగా."

నల్లగళ్ళకి చేతికి దొరికిందల్లా పెట్టాను. పళ్ళెం, దిండు, చెప్పులు, గొడుగు, కుక్కర్ మూత. అత్త కళ్ళద్దాల వెనక కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టింది. నేను నేల మీద మోకాళ్ళతో పాకుతూ రాయడం.

ఇది ఎలా రాయను? అత్త ఏమీ చూడడం లేదు. అయినా మొత్తం గదిని తలలో పెట్టుకుంది. "గొడుగు పక్క గడి నుంచి కిందికి" అంటుంది. "దిండు కింద నిలువు పడదు, దిండు ఒక గడి ఎడమకి జరుపు. జరిపావా? ఇప్పుడు చెప్పుల దగ్గర ఒంటరిగా మిగిలిన అక్షరానికి స్నేహితులు దొరికారు." నేను కళ్ళతో వెతుక్కుంటున్నదాన్ని ఆవిడ వేళ్ళ కణుపుల మీద పట్టుకుని కూర్చుంది.

ఒకచోట ఆపింది. "అక్కడ ళ రాశావు. నేను ల అన్నాను."

చూశాను. ళ.

"ఎలా తెలిసింది!"

"సుద్ద అంతసేపు గీసుకుంది. ల కి అన్ని మెలికలు ఎక్కడివి?"

అరచేత్తో చెరిపాను. చెరుపుతూ, ఈవిడకి వినపడకుండా ఈ ఇంట్లో ఏదైనా దాచగలనా అనుకున్నాను. ఆ ఆలోచనని కూడా చెరిపేశాను.

మధ్యలో పిన్నిగారు గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చి గుమ్మంలో కొయ్యబారిపోయింది.

"ఎక్కడ కాలు పెట్టను వదినా?"

"పళ్ళెంలో పెట్టు, అది నల్లగడి. ముందు కళ్ళు మూసుకో! చూశావంటే నీ ఆదివారం పాడైపోతుంది."

పిన్నిగారు రెండు చేతులతో కళ్ళు మూసుకుంది, గిన్నె చంకలో. "ఒక్కటి చూశాను వదినా, చూడలేదు, చూశాను, మర్చిపోతాను" అంటూ వెనక్కి వెనక్కి నడిచింది. అత్త నవ్వు ఆపుకోలేక కట్టు మీద చెయ్యి పెట్టుకుంది. నేనూ నవ్వాను. మళ్ళీ గుర్తొచ్చింది.

"ఇటునుంచి చూసినా అటునుంచి చూసినా అంతా వేషమే. మూడు" అంది అత్త.

"నటన" అన్నాను.

"ఊఁ" అంది. ముఖం నావైపు తిప్పింది.

మధ్యాహ్నం దాటింది. గది నిండిపోయింది. కుడివైపు కింది మూల మాత్రం మిగిలింది.

"అక్కడ ఎన్ని గళ్ళు?"

"నాలుగు."

"ఆధారం రాసుకో. పాలకైతే నష్టం, పూతకైతే లాభం, మనిషికైతే అవమానం."

పూత అన్న మాట దగ్గర నా చేతిలో సుద్దముక్క ఆగింది.

"పల్చన" అన్నాను.

"రాయి."

ప. ల్చ. న. రాశాను. "ఒక గడి మిగిలిపోయిందత్తా."

"మిగులుతుంది మరి. ఒకటి మింగావు."

నేను గళ్ళు మళ్ళీ లెక్కపెట్టాను.

"పలుచన. మధ్యలో లు ని మింగేశావు. మింగినది బయటికి తియ్యవే ప్రశ్నార్థకమా."

అత్త అడిగింది అక్షరాన్నే కావచ్చు. అరచేత్తో మూడు గళ్ళూ చెరిపి నాలుగు గళ్ళలోనూ రాశాను. లు రాస్తుండగా మిగిలినదంతా కూడా బయటికి వచ్చేసింది. షాపూ, ట్యూబూ, గిన్నే, పుల్లా, అప్‌డేటూ. ముక్కు కారుతుంటే సుద్ద చేత్తోనే తుడుచుకున్నాను.

"తెలుసు" అంది అత్త. "డాక్టరు కంటికి కట్టాడు గానీ ముక్కుకి కట్టలేదు. నిన్న గుమ్మంలోకి రాగానే స్పిరిట్ వాసన. ఆస్పత్రి నా వెంటే వచ్చిందేమో అనుకున్నా. అంతకు ముందురోజు సాయంత్రమంతా పల్చగా ఉండాలి, పల్చగా ఉండాలి అని ఒకటే జపం. ముసలాణ్ణి విప్పావని అర్థమైంది. ఏం చేశావో మాత్రం తెలియలేదు."

"మరి అడగలేదేం?"

"నేను ఆధారాలు ఇస్తాను. జవాబులు ఇవ్వను."

కాసేపటికి, "ఏమన్నావు, ఇందాక? గిన్నెలో ఏం చేశావు?"

"స్పిరిట్ కలిపాను. పల్చగా ఉండాలన్నాడని."

అత్త ముఖం ముందు ఏమీ కాలేదు. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత కుర్చీ కదిలింది.

"కలిపావా! పూత పొర పల్చగా ఉండాలంటే, పేస్టునే పల్చన చేశావా! ఒక మాటకి రెండర్థాలు చూపించి అందరినీ ఏడిపించేదాన్ని నేనే అనుకున్నా. నా మేనకోడలు రెండో అర్థం పట్టుకుని నా ముసలాణ్ణే చంపేసింది. నవ్వించకే, కుట్లు ఊడతాయి!"

నవ్వు ఆగాక అడిగాను. అడగడం నా పేరే కదా.

"నేను పలుచనయ్యానా అత్తా?"

"నాలుగక్షరాలూ రాశావుగా" అంది. "చిక్కగానే ఉన్నావు. వెళ్ళు, షాపు మూసేలోపు ఇంకో ట్యూబు తెచ్చుకో."

జూన్ 13, గురువారం

నిన్న షాపాయనకి చెప్తే పళ్ళ మధ్య స్క్రూ కింద పడిపోయింది. దాన్ని వెతకడానికి ఇద్దరం బల్ల కింద దూరాం. స్పిరిట్ ఆవిరైపోయి లోపలంతా ఖాళీ సందులు మిగిలి ఉంటాయన్నాడు. "బియ్యపు గింజంత మధ్యలో పెట్టు. నువ్వేం పులమకు, కలపకు. పైనుంచి గొట్టం నొక్కితే అదే పరుచుకుంటుంది." ఇంకా బల్ల కిందే ఉండి, "పల్చగా" అని మొదలుపెట్టి, నన్ను చూసి ఆపేశాడు.

ఈరోజు పొద్దున అత్త పక్కనే కూర్చుంది. ఏ స్క్రూ ఏ గడిలో పెడుతున్నానో అడిగి తెలుసుకుంటూ. నేను పోసినది పలక అంచుల్లో బూడిదలా అట్టకట్టి ఉంది, మధ్యలో దాదాపు ఏమీ లేదు. అంతా తుడిచాను. గింజంత పెట్టాను. గొట్టాన్ని నిటారుగా దించాను, పక్కలకి జరపకుండా. ఒక స్క్రూ పూర్తిగా బిగించకుండా కొంచెం, దానికి ఎదురు మూలది కొంచెం, మళ్ళీ మొదటిది. ఒకవైపే బిగిస్తే రెండోవైపు లేస్తుంది.

"మంచి వాక్యం కూడా అలాగే బిగించాలి" అంది అత్త.

పెట్టాం. అత్త ముసలాడి పక్క అరచేయి ఆనించింది. పాస్‌వర్డ్ దాటాడు. గళ్ళు తెరుచుకున్నాయి. ఫ్యాన్ మెల్లగా, నిద్రపోతున్న మనిషిలా. అత్త చెయ్యి తీయలేదు. జ్వరం తగ్గిందో లేదో చూసేవాళ్ళు కూడా అలాగే ఉంచుతారు, తగ్గిందని తెలిశాక కూడా.

"బతికాడు" అంది.

నేల మీద నుంచి ఒక్కో అక్షరమూ ఎక్కించాను. నిన్న పిన్నిగారు పళ్ళెం బదులు ఎక్కడ కాలు పెట్టిందో అక్కడ ఒక అక్షరం సగం చెరిగిపోయింది, అత్తే చెప్పింది ఏమిటో. అన్ని ఆధారాలూ ఎక్కించాను. ఒకదానికి లేదు. గొడుగు పక్క అడ్డం, లేపనం. మంగళవారం నాకు తట్టినది ఏడుపులో అత్తకి ఎప్పుడు చెప్పానో నాకే గుర్తులేదు. నిన్న గళ్ళన్నీ నిండాక ఒక మాట మార్చి దాన్ని పెట్టించింది.

"దానికి ఆధారం నువ్వు పెట్టు."

"నేనా!"

"తట్టింది ఎవరికి?"

రాశాను: మనల్ని నిద్రలోంచి లేపుతుందేమో అని పేరు విని అనుకుంటాం గానీ ఎక్కడ పూస్తే అక్కడే కదలకుండా పడుకుని ఉండే ఒక రకమైన మందు.

చదివి వినిపించాను. అత్త ఇంకోసారి చదవమంది.

"పూత ఎలా ఉండాలి?"

"పల్చగా."

"ఆధారం కూడా అంతే. ఇది దుప్పటి."

తుడుస్తూ పోయాను. మందు పోయింది. నిద్ర పోయింది. మనం పోయాం. చివరికి మిగిలింది: లేపుతానని పేరు, పూసినచోటే పడి ఉంటుంది.

అత్త వేళ్ళ కణుపుల మీద ఒకసారి నడిపించి చూసుకుంది. "పంపు" అంది.

ఫైలు మధ్యాహ్నం కాకముందే వెళ్ళిపోయింది. ముసలాడు వెచ్చగా ఉన్నాడు, అంతే. వెచ్చగా ఉండడం వేరు, మండడం వేరు.

జూన్ 14, శుక్రవారం

పేజీలావిడ ఫోన్. ప్రోగ్రామ్ చేసినదీ మనదీ రెండూ ఎడిటర్ గారు పూరించి చూశారట. దానిది టీ చల్లారేలోపు అయిపోయిందట. మనదాంట్లో కింది మూలన పల్చన అని మూడు గళ్ళలో రాసి, నాలుగో గడి ఎందుకు మిగిలిందో తెలియక గదిలో అటూ ఇటూ తిరిగారట. చివరికి తెలిశాక గట్టిగా తిట్టారట.

"ఏమని?" అంది అత్త ఆశగా.

"చెప్పలేను మేడమ్. వచ్చేవారం కూడా పంపమన్నారు."

జూన్ 16, ఆదివారం

పొద్దున్నే లేచి కిటికీ దగ్గర కూర్చున్నాను. పత్రిక పిన్నిగారింట్లోకి వెళ్ళడం చూశాను. పెన్సిలు చెవి వెనక పెట్టుకుని ఆవిడ బాల్కనీలోకి రావడం చూశాను. జవాబులు పైకే అనుకుంటూ నింపుతోంది. పలుచన గట్టెక్కింది. నటన గట్టెక్కింది. అది బుధవారం చూసేసిందేమో, మర్చిపోతానంది కదా. మా ఇంట్లో అత్త పేము కుర్చీలో, కట్టు విప్పిన కన్ను మూసుకుని, చెవులు రెండూ రోడ్డు అవతల పెట్టి కూర్చుంది.

చాలాసేపు ఏమీ లేదు. చప్పగా ఉందా? దుప్పటిలాగే ఉండిపోయిందా?

"వదినా!"

నేను లేచి నిలబడ్డాను.

"లేపుతానని పేరు, పూసినచోటే పడి ఉంటుందట! ఎవరు పెట్టారిది? గంట నుంచి కొట్టుకుంటున్నా! ఎవరో గానీ బుర్ర మండిపోను!"

అత్త కళ్ళు తెరవకుండానే నావైపు తిరిగింది.

"నిన్నే. పలుకు."

కిటికీలోంచి సగం బయటికి వంగాను. "నేనే పిన్నిగారూ!"

"నువ్వా! వేలెడంత లేవు, అప్పుడే మీ అత్త బుద్ధులు వచ్చాయే! ఉండు నీ పని చెప్తా. చెప్పకు, చెప్పకు, జవాబు చెప్పావంటే ఊరుకోను!"

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మూడక్షరాలు.

మింగేశాను.